డబ్బులిచ్చే సర్వే సైటు అసలుదో నకిలీదో తేల్చుకోవడం ఎలా?

విశాఖ అక్కయ్యపాలెంలో మాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. జిరాక్సులు, పరీక్షల అప్లికేషన్లు, హాల్ టికెట్ ప్రింట్లు, ఇదే రోజువారీ పని. కొన్నాళ్లుగా దీనికి ఇంకోటి తోడైంది. ఎవరో ఒకరు ఫోన్ పట్టుకొచ్చి, "అన్నా, ఇంట్లో కూర్చుని సర్వేలు చేస్తే డబ్బులిస్తారంట. నిజమేనా, ఓసారి చూడవా?" అంటారు. డిగ్రీ పిల్లలు అడుగుతారు, రిటైరైన మాస్టార్లు అడుగుతారు, అందరికన్నా ఎక్కువగా ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు అడుగుతారు.

కిందటి వేసవిలో ఒకావిడ అలాగే వచ్చారు. ఫోన్‌లో సర్వే సైటు తెరిచి ఉంది. పైన ఆకుపచ్చ అక్షరాల్లో 'మీ బ్యాలెన్స్ 18,400 రూపాయలు' అని కనబడుతోంది. పిల్లలు పడుకున్నాక రోజూ కూర్చుని నింపిన సర్వేల డబ్బు అది. తీసుకుందామని బటన్ నొక్కితే అకౌంట్ యాక్టివేషన్‌కి 1,499 కట్టమన్నారు, కట్టేశారు. ఇప్పుడు పన్ను కింద 2,760 కట్టమంటున్నారు. అది కట్టాలా వద్దా అని అడగడానికి నా దగ్గరికి వచ్చారు. ఆ 18,400 తెర మీద రాసిన అంకె మాత్రమేనని, ఎక్కడా అంత డబ్బు లేదని చెప్పాను. "మరి ఇన్ని రాత్రులు కూర్చున్నానే తమ్ముడూ" అన్నారావిడ. పోయిన పదిహేను వందలకన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అలాంటి రాత్రులు ఇంకొకరికి వృథా కాకూడదని ఇది రాస్తున్నాను.

అసలు సర్వే ఎలా నడుస్తుంది?

ఇది తెలిస్తే సగం మోసాలు వాటంతటవే దొరికిపోతాయి. ఒక సబ్బుల కంపెనీ కొత్త సబ్బు తేవాలనుకుంటుంది. విశాఖ లాంటి ఊళ్లో పాతికేళ్ల నుంచి నలభై ఏళ్ల ఆడవాళ్లు ఏ వాసన ఇష్టపడతారో దానికి తెలియాలి. ఆ పనిని మార్కెట్ రీసెర్చ్ సంస్థకి అప్పగిస్తుంది. జవాబులు చెప్పడానికి మనుషులు కావాలి కాబట్టి, ఆ సంస్థ వాళ్లని ప్యానెల్ నడిపేవాళ్ల దగ్గర తీసుకుంటుంది. మనం చేరే సర్వే సైటే ఆ ప్యానెల్. సబ్బుల కంపెనీ ఇచ్చిన డబ్బు ఇన్ని చేతులు దాటాక చివర్లో కొద్దిగా మనకి అందుతుంది.

ఇందులో రెండు సంగతులున్నాయి. ఇక్కడ సరుకు మన అభిప్రాయం, కొనేది వాళ్లు. రైతుబజార్లో వంకాయలు అమ్ముకునే రైతు కొనేవాడికి ఎదురు డబ్బిస్తాడా? మనమూ ఇవ్వక్కర్లేదు. ఇక రెండోది, చివర్లో మిగిలేది చాలా తక్కువ. పావుగంట సర్వేకి పది, ఇరవై, మహా అయితే యాభై రూపాయలు. నాకు తెలిసినవాళ్లకి అందినవి ఇలాంటి మొత్తాలే. రోజూ సర్వే దొరుకుతుందన్న గ్యారంటీ కూడా లేదు.

మొదట చూడాల్సింది: డబ్బు ఎటు పోతోంది?

రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ కిట్, గోల్డ్ మెంబర్‌షిప్, తర్వాత తిరిగిచ్చే డిపాజిట్, జీఎస్టీ, విత్‌డ్రా ఛార్జీ. పేరు ఏదైనా సరే, మీ జేబులోంచి ఒక్క రూపాయి అడిగినా ఆ సైటు మూసేయండి. ఇక మిగతా పరీక్షలతో పని లేదు. "మీ బ్యాలెన్స్‌లోంచే కోసుకోండి" అని అడిగి చూడండి. నిజంగా డబ్బున్నవాడికి అది చిన్న పని. ముందు మీరు కడితేనే అంటున్నాడంటే అక్కడ కోసుకోవడానికి ఏమీ లేదని అర్థం.

యూపీఐ గురించి ఒక ముక్క. మనకి డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కర్లేదు. బ్యాలెన్స్ చూసుకోవడం లాంటివి తప్పిస్తే, పిన్ కొట్టామంటే డబ్బు మన దగ్గర్నుంచి పోతున్నట్టే. "పేమెంట్ అందుకోవడానికి స్కాన్ చేయండి" అని రాసి పంపితే అది దొంగతనమే.

ఎంతిస్తామంటున్నారు?

రోజుకి రెండు వేలు, నెలకి నలభై వేలు, పని గంటే. ఇలాంటి ప్రకటన కనబడితే పైన చెప్పిన సబ్బుల కంపెనీని గుర్తు చేసుకోండి. ఒక్క మనిషి అభిప్రాయానికి వాళ్లెందుకు అంత ఇస్తారు? గూగుల్ ఒపీనియన్ రివార్డ్స్ అనే యాప్ అసలైనదే, గూగుల్‌దే. మన దేశంలో అదిచ్చేది చిన్న చిన్న మొత్తాలు, అవి కూడా ప్లే స్టోర్‌లో ఖర్చు పెట్టుకునే క్రెడిట్‌గానే ఇస్తుంది. యూగవ్, టోలునా లాంటి పాత ప్యానెళ్లు పాయింట్లు ఇస్తాయి. ఆ పాయింట్లు కొంత మొత్తానికి చేరాకే వోచరో డబ్బో అడగగలం. పెద్ద పేరున్న సంస్థల లెక్కే ఇలా ఉంటే, నిన్న పుట్టిన సైటు వేలకి వేలు ఎక్కడి నుంచి తెస్తుంది? ఇంకో జాగ్రత్త. ఇలాంటి పేర్లనే వాడుకుని నకిలీ పేజీలు, వాట్సాప్ మెసేజ్‌లు తిప్పుతుంటారు. యాప్ అయితే ప్లే స్టోర్‌లో వెతికి, తయారుచేసినవారి పేరు చూసి వేసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలుని (ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్‌ని నేరుగా ఎక్కించే ఫైలు) మాత్రం ఎవరు పంపినా ఫోన్‌లో ఎక్కించొద్దు. అది ఓటీపీలు చదివే పర్మిషన్ తీసుకుందంటే బ్యాంకు ఖాతా వాళ్ల చేతికి ఇచ్చినట్టే.

సైటు వయసు చూడండి

నాకు బాగా పనికొచ్చిన పరీక్ష ఇది. రెండు నిమిషాల పని, డబ్బు ఖర్చు లేదు. ప్రతి వెబ్‌సైటు పేరూ ఎక్కడో ఒకచోట రిజిస్టరై ఉంటుంది. ఆ తేదీని ఎవరైనా చూడొచ్చు. గూగుల్‌లో 'హూ ఈజ్ లుకప్' (WHOIS lookup) అని గానీ 'ఐకాన్ లుకప్' (ICANN lookup) అని గానీ ఇంగ్లీషులో కొట్టి వెతకండి. వచ్చిన పేజీలో సర్వే సైటు పేరు కొట్టి, 'క్రియేటెడ్' అన్న పదం పక్కనున్న తేదీ చూడండి.

ఇందాక చెప్పిన ఆవిడ సైటుని అలాగే చూశాం. పేజీ అడుగున '2011 నుంచి మీ సేవలో' అని రాసుకున్నారు. పేరు రిజిస్టరైంది మాత్రం నాలుగు నెలల కిందట. ఆ తేదీ ఆవిడకి చూపించాక నేను వేరే వివరించనక్కర్లేకపోయింది.

కొత్త సైటైనంత మాత్రాన దొంగ సైటని కాదు. వయసు విషయంలో అబద్ధమాడిన సైటుని మాత్రం నమ్మడానికి ఏ కారణమూ లేదు. కొన్ని బ్రౌజర్లలో అడ్రస్ పక్కన కనబడే తాళం గుర్తు చూసి ధైర్యపడొద్దు. మీకూ ఆ సైటుకీ మధ్య నడిచే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని చెప్పడమే ఆ తాళం పని. అవతలున్నవాడు మంచివాడో కాదో అది చెప్పదు.

వెనక ఎవరున్నారు?

కంపెనీ పేరు, ఆఫీసు అడ్రస్, ప్రైవసీ పాలసీ ఉన్నాయా చూడండి. ఇక్కడి కంపెనీ అని చెప్పుకుంటే, కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటులో పేరు కొట్టి చూడొచ్చు. రిజిస్టరైన కంపెనీకి 21 అక్షరాల, అంకెల గుర్తింపు నంబరు ఉంటుంది, ఏ ఏడాది పుట్టిందో అందులోనే తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫొటో వాట్సాప్‌లో పంపి నమ్మించేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ ఫొటోకి విలువ లేదు. సర్టిఫికెట్ నిజమైనదే అయినా, కంపెనీ రిజిస్టరైందని మాత్రమే దానికి అర్థం. ఆ కంపెనీ పేరుతో ఎవరో మోసం చేస్తూ ఉండొచ్చు కూడా.

రీసెర్చ్ సంస్థలకి సంఘాలున్నాయి. 1947లో మొదలైన ఈసోమార్ అంతర్జాతీయ సంఘం, మన దగ్గర మార్కెట్ రీసెర్చ్ సొసైటీ ఆఫ్ ఇండియా ఉంది. లోగో అతికించుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. అందుకని ఆ సంఘం సైటులోని సభ్యుల జాబితాలో పేరుందేమో చూడండి. ఇంకోటి, అభిప్రాయం అడుగుతున్నామని చెప్పి సరుకు అమ్మడం ఈ రంగం నియమాలకి విరుద్ధం. సర్వే చివర్లో ఇన్సూరెన్స్ పాలసీయో, ట్రేడింగ్ కోర్సో అంటగడుతుంటే అది సర్వే కాదు.

ఏమేం అడుగుతున్నారు?

ఇక్కడ కొందరు అక్కర్లేని చోట భయపడి, భయపడాల్సిన చోట మాత్రం ధైర్యంగా ఇచ్చేస్తున్నారు. "ఇంట్లో ఫ్రిజ్ ఉందా, వాషింగ్ మెషిన్ ఉందా, ప్రధానంగా సంపాదించేవారు ఎంతవరకు చదివారు అని అడుగుతున్నాడన్నా, దొంగతనానికి వస్తారేమో" అని ఒకబ్బాయి టెన్షన్ పడ్డాడు. నిజానికి అవి రీసెర్చ్‌వాళ్లు ఎప్పటినుంచో అడిగే ప్రశ్నలే. సంపాదించేవారి చదువు, ఇంట్లో ఉన్న వస్తువులు, ఈ రెండింటిని బట్టి కుటుంబం ఏ తరగతిదో లెక్కగడతారు. వయసు, ఊరు, ఏ బ్యాంకులో ఖాతా ఉంది లాంటివి కూడా మామూలే.

ఖాతా నంబరు, కార్డు వెనకనున్న మూడంకెలు, ఓటీపీ, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్, ఆధార్ రెండు వైపులా ఫొటో, చేతిలో ఆధార్ పట్టుకుని సెల్ఫీ, ఇవి సబ్బు గురించి తెలుసుకోవడానికి ఎవరికీ అక్కర్లేదు. కొన్ని విదేశీ సైట్లు పేపాల్ ద్వారా డబ్బు పంపుతాయి. అప్పుడు పాన్ వివరాలు మీరు ఇవ్వాల్సింది పేపాల్ ఖాతా తెరిచేటప్పుడు, పేపాల్‌కే. సర్వే సైటుకి ఇవ్వక్కర్లేదు. దేనికైనా మంచిదని సర్వేల కోసం వేరే ఈమెయిల్ ఒకటి తెరుచుకోండి. బ్యాంకుకి ఇచ్చిన ఈమెయిల్‌ని వీటికి వాడొద్దు.

చిన్న మొత్తంతో పరీక్ష పెట్టండి

ఇక్కడిదాకా నిలబడిన సైటులో చేరొచ్చు. చేరే ముందే విత్‌డ్రా నియమాలు చదవండి. కొన్ని సైట్లు చేరగానే 900 బోనస్ ఇచ్చి, 1,000 చేరితేనే తీసుకోవచ్చంటాయి. మొదట్లో సర్వేలు గబగబా వస్తాయి. 985 దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాయి. లేదా ఇరవై నిమిషాలు నింపాక 'మీరు అర్హులు కారు' అని చూపిస్తాయి. అసలు సైట్లలోనూ ఈ మాట వస్తుంది, ఎందుకంటే మీ వయసువాళ్ల కోటా నిండిపోయి ఉండొచ్చు. అయితే అక్కడ సాధారణంగా మొదటి నాలుగైదు ప్రశ్నల్లోనే తేలిపోతుంది. చివరి పేజీ దాకా రాయించుకుని, ప్రతిసారీ అలా తోసేస్తుంటే వదిలేయండి.

తీసుకోగలిగిన కనీస మొత్తం రాగానే తీసేసుకోండి, పోగేయొద్దు. ఎంత సమయం పట్టిందో, ఎంత వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. డబ్బు చేతికొచ్చాకే ఇంకో సర్వే మొదలుపెట్టండి. యూట్యూబ్‌లో పేమెంట్ ప్రూఫ్ అంటూ చూపించే స్క్రీన్‌షాట్లని లెక్కలోకి తీసుకోవద్దు. అలా చూపించేవాళ్లలో చాలామందికి, వాళ్లిచ్చే లింకు ద్వారా మనిషి చేరితే కమీషన్ వస్తుంది.

టెలిగ్రామ్ టాస్కుల సంగతి

ఇప్పుడు సర్వే పేరుతో ఎక్కువగా ముంచుతున్నది ఇదే. వాట్సాప్‌లో ఎవరో అమ్మాయి పేరుతో మెసేజ్ వస్తుంది. హోటల్‌కి రేటింగ్ ఇవ్వండి, చిన్న సర్వే నింపండి, 150 ఇస్తామంటారు. నిజంగానే ఇస్తారు. తర్వాత టెలిగ్రామ్ గ్రూపులో చేరుస్తారు. వెయ్యి కడితే 1,300 వస్తుంది, అదీ ఇస్తారు. ఆ తర్వాత పది వేలు, యాభై వేలు. గ్రూపులో 'నాకు వచ్చింది' అని పెట్టేవాళ్లంతా వాళ్ల మనుషులే. మొదట ఇచ్చిన ఆ 150 కూడా ఇంకొకరిని ముంచి తెచ్చిందే కావచ్చు. ఆ డబ్బు ఎక్కడెక్కడికి వెళ్లిందో పోలీసులు వెతుక్కుంటూ వచ్చినప్పుడు మీ ఖాతా కూడా ఆగిపోవచ్చు. ఇక "మీ ఖాతాలోకి డబ్బు వేస్తాం, కమీషన్ ఉంచుకుని మిగతాది పంపండి" అంటే అసలు ఒప్పుకోవద్దు. అలా ఒప్పుకున్నవాళ్లు కేసుల్లో ఇరుక్కుంటారు.

విశాఖవాళ్లం ఈ సంగతిని ఇంకాస్త దగ్గరగా చూశాం. 2024 మే నెలలో మన నగర పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన కుర్రాళ్లని కంబోడియాకి తరలించి, అక్కడ నిర్బంధించి, ఇలాంటి టాస్క్ మోసాలు వాళ్ల చేత చేయించారు. ఆ నెలలోనే కొందరిని వెనక్కి తీసుకొచ్చారు. మనకి 'హాయ్ మేడమ్' అని మెసేజ్ పెట్టిన మనిషి కూడా ఇలాగే ఎక్కడో చిక్కుకుపోయినవాడై ఉండొచ్చు. అది తెలిసినప్పటి నుంచి అలాంటి మెసేజ్ చూస్తే నాకు కోపం కన్నా బెంగే ఎక్కువగా కలుగుతోంది. అయినా జవాబివ్వకండి, బ్లాక్ చేయండి.

ఇప్పటికే కట్టేసి ఉంటే

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి జారిపోతుంది, తొందరగా చెబితే మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది. ఎంత, ఏ టైముకి, ఏ యూపీఐ ఐడీకి వెళ్లింది, ఆ చెల్లింపుకి గుర్తుగా యాప్‌లో కనబడే 12 అంకెల యూటీఆర్ నంబరు, ఇవి ముందు పెట్టుకుని మాట్లాడండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు, మన నగరంలో సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ ఉంది. బ్యాంకుకి కూడా చెప్పండి. ఇంట్లో తిడతారని దాచొద్దు. ఆవిడ కూడా పది రోజులు దాచారు, ఆ పది రోజుల్లో డబ్బు ఎటుపోయిందో ఇక చెప్పడం కష్టం.

కొన్నాళ్లకి ఎవరో ఫోన్ చేసి, పోయిన డబ్బు ఇప్పిస్తాం, ఫీజు ఇంత అంటారు. మోసపోయినవాళ్ల నంబర్లు వాళ్ల దగ్గర ఉంటాయి కాబట్టే ఆ ఫోన్ వస్తుంది. దానికీ పైసా ఇవ్వొద్దు.

ఒక్కటి మాత్రం పోలీసుల దగ్గరికి బయల్దేరే ముందే చేయండి. టెలిగ్రామ్‌లో అవతలివాడు చాట్‌ని తన వైపూ, మీ వైపూ కూడా చెరిపేయగలడు. "నీ మీద కంప్లైంట్ ఇస్తా" అని కోపంగా రాసిన మరుక్షణం మొత్తం మాయమైపోవచ్చు. అందుకని ముందు గ్రూపు పేరు, వాడి ప్రొఫైల్, డబ్బు అడిగిన మెసేజ్‌లు, సైటులో కనబడే బ్యాలెన్స్, అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. వీలైతే దగ్గర్లోని నెట్ సెంటర్లో ప్రింట్ తీయించుకోండి. మా షాపుకొస్తే ఆ ప్రింట్లకి నేను డబ్బు తీసుకోను.