సుంకి ఘాట్‌లో న్యూట్రల్ ఎలా మానిపించానంటే

ఒడిశాలోని కోరాపుట్ నుంచి సుంకి ఘాట్ రోడ్డులో సాలూరు దిగే లారీల బ్రేకులు కాలిపోతున్నాయి, ఏం చేయాలని చాలామంది అడుగుతున్నారు. మా లారీలవీ అంతే. సుంకి దాటేసరికి బ్రేకు డ్రమ్ముల దగ్గర ఒకటే కమురు వాసన.

జరిమానాలు, జీపీఎస్ అలారం, గోడమీద పోస్టర్లు అన్నీ వృథా.

ఒకరోజు నేనే క్లీనర్ సీట్లో కూర్చున్నా. దిగుడు మొదలవగానే డ్రైవర్ గేరు తీసేసి న్యూట్రల్ చేశాడు. అలా చేస్తే ఇంజిన్ బండిని పట్టి ఉంచదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. "ఏంటిది బాబూ?" అంటే, "డీజిల్ మిగిలితే బోనస్ ఇచ్చేది మీరే కదా సార్!" అన్నాడు. నోట మాట రాలేదు.

ముందు ఆ రూటుకు డీజిల్ బోనస్ తీసేసి, ఆ డబ్బు బత్తాలో కలిపాను. తర్వాత ఘాట్ పైన ఐదు నిమిషాలు ఆగాలన్నాను. బ్రేకుల గాలి మీటరు చూడాలి, టైర్లు తట్టాలి. ఆ లోడుతో ఏ గేరులో ఎక్కుతారో అదే గేరు, అదీ దిగుడు మొదలవకముందే వేయాలి. మధ్యలో మార్చబోతే ఒక్కోసారి గేరు పడదు, బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది. ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ గొట్టం దారి మూసి ఇంజిన్‌తోనే వేగం తగ్గించేది) ఆన్‌లో ఉంచాలి. కాలి బ్రేకు గట్టిగా నొక్కి, వేగం తగ్గాక వదిలేయాలి. దానిమీద కాలు ఆనించి కూర్చోకూడదు.

నాలుగు నెలలుగా ఆ వాసన లేదు. మావి పదకొండు బండ్లే, డ్రైవర్లంతా పాతవాళ్లు. ట్రిప్పుకో కొత్త డ్రైవర్ వచ్చేచోట ఇది నిలుస్తుందో లేదో చెప్పలేను. రాత్రి నిద్రమత్తు సంగతి మాకూ ఇంకా తేలలేదు.