ఫ్రాన్స్ మీద నోట్స్ ఇలా రాసుకోండి

సివిల్స్ మెయిన్స్‌కి ఫ్రాన్స్ చదివారా అని అడిగితే మా అశోక్‌నగర్ క్లాసులో అందరూ తలూపుతారు. నోట్‌బుక్ తెరిపిస్తే మాత్రం మొదటి పేజీలో రఫేల్, రెండో పేజీలో రఫేల్, మూడో పేజీలో సౌర కూటమి, ఆ తర్వాత మళ్లీ రఫేల్. అది మనం ఏం కొన్నామో చెప్పే నోట్స్. ఫ్రాన్స్ తన సరిహద్దు దాటి ఏం చేస్తోందో, ఎందుకు చేస్తోందో అందులో దొరకదు. అది దొరికేలా నోట్స్ ఎలా రాసుకోవాలో నేను క్లాసులో చెప్పే పద్ధతి ఇది. బ్రిటన్‌కైనా, జర్మనీకైనా పనికొస్తుంది గానీ ఫ్రాన్స్‌తో మొదలుపెడితే త్వరగా వంటబడుతుంది. దౌత్యం, డబ్బు, సంస్కృతి, సైన్యం ఇంతగా ఒకదాని చేయి ఒకటి పట్టుకుని నడిచే దేశం యూరప్‌లో నాకు మరొకటి కనపడలేదు.

చరిత్రతో మొదలుపెట్టకండి. బుస్సీ దొర, బొబ్బిలి యుద్ధం అంటూ 1757కి వెళ్లిపోతే తిరిగొచ్చేసరికి పరీక్ష అయిపోతుంది. ముందు స్టేషనరీ షాపులో ప్రపంచ అవుట్‌లైన్ మ్యాప్ ఒకటి తెచ్చుకుని, యూరప్ బయట ఫ్రాన్స్ జెండా ఎగిరే చోట్ల చుక్కలు పెట్టండి. హిందూ మహాసముద్రంలో రీయూనియన్, మయోట్. పసిఫిక్‌లో న్యూ కలెడోనియా, ఫ్రెంచ్ పాలినేషియా. కరీబియన్‌లో గ్వాడెలూప్, మార్టినిక్. దక్షిణ అమెరికా అంచున ఫ్రెంచ్ గయానా. ఇస్రో తన బరువైన కమ్యూనికేషన్ ఉపగ్రహాలను చాలాకాలం పంపించింది ఈ గయానాలోని కూరూ నుంచే. ఈ చుక్కల చుట్టూ ఉన్న సముద్రమంతా కలిపితే ఫ్రాన్స్ ఈఈజెడ్, అంటే వనరుల మీద ఆ ఒక్క దేశానికే హక్కున్న సముద్ర భాగం, కోటి చదరపు కిలోమీటర్లు దాటుతుంది. ప్రపంచంలో అమెరికా తర్వాత స్థానం దానిదే. ఇండో-పసిఫిక్‌లో 16 లక్షల మందికి పైగా ఫ్రాన్స్ పౌరులు ఉంటున్నారు. 2018లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ సిడ్నీ వెళ్లి పారిస్–ఢిల్లీ–కాన్‌బెర్రా ఇరుసు (మూడు దేశాల జట్టు) గురించి మాట్లాడితే కొందరికి వింతగా అనిపించింది. మ్యాప్ మీద చుక్కలు పెట్టినవాళ్లకు అందులో వింతేమీ కనపడదు.

నాది కాకినాడ. యానాం మాకు పక్క ఊరే. 1954 దాకా అక్కడ ఫ్రెంచి పాలన నడిచింది. 1820ల చివర్లో యానాం నుంచి తెలుగు కూలీలను ఓడలెక్కించి చెరకు తోటల పనికి పంపింది ఈ రీయూనియన్‌కే. మ్యాప్ మీద యానాం దగ్గర కూడా ఒక చిన్న చుక్క పెట్టుకుంటే మీ ఇష్టం. మార్కులు రావు గానీ రీయూనియన్ పేరు ఇక మర్చిపోరు.

రెండో పని, ఇదే అసలు పని. దౌత్యానికి ఒక చాప్టర్, రక్షణకు ఒక చాప్టర్ అని విడగొట్టకండి. ఒక్కో చోటికి ఒక్కో పేజీ ఇవ్వండి. పేజీని నిలువునా నాలుగు గళ్లు చేసి దౌత్యం, డబ్బు, సంస్కృతి, సైన్యం అని రాసి, తేదీలను వరసగా కిందికి దింపండి. అలవాటుకి అబుదాబితో మొదలుపెట్టండి. 2006లో సోర్బాన్ యూనివర్సిటీ అక్కడ శాఖ తెరిచింది: సంస్కృతి గడి. 2007 మార్చిలో అక్కడ పారిస్ లూవ్ర్ పేరుతో మ్యూజియం పెట్టే ఒప్పందం, ఆ పేరు 30 ఏళ్లు వాడుకోవడానికే 40 కోట్ల యూరోలు: సంస్కృతి, డబ్బు రెండు గళ్లలోనూ పడుతుంది. 2009 మేలో అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు సర్కోజీ వచ్చి సైనిక స్థావరం ప్రారంభించారు. 2017 నవంబరులో మ్యూజియం తలుపులు తెరుచుకున్నాయి. ఇక 2021 డిసెంబర్ 3 దగ్గర కాస్త ఆగండి. మాక్రాన్ పర్యటనలో యూఏఈ 80 రఫేల్ విమానాలకు సంతకం పెట్టింది. రఫేల్‌కి అంతకుముందు విదేశాల నుంచి అంత పెద్ద ఆర్డర్ రాలేదు. అదే పర్యటనలో లూవ్ర్ పేరు వాడుకునే గడువును మరో పదేళ్లు, అంటే 2047 దాకా పెంచారు. దానికి ఇంకో 16.5 కోట్ల యూరోలు.

ఇక్కడికి రాగానే క్లాసులో ఎవరో ఒకరు చేయెత్తుతారు. “అంటే మేడమ్, మ్యూజియం ఇచ్చి విమానాలు అంటగట్టారన్నమాట!” అలా రాయకండి. ఏది ముందు, ఏది వెనక అన్నది మీ పేజీ చెబుతుంది. దేనివల్ల ఏది జరిగిందో చెప్పదు. “సాంస్కృతిక, రక్షణ, వాణిజ్య సంబంధాలు ఒకే కాలంలో ఒకదానికొకటి ఊతమిచ్చాయి” అని రాసి, కింద మూడు తేదీలు ఇవ్వండి. దిద్దేవాళ్లకు అది చాలు.

అబుదాబి పేజీ చూడముచ్చటగా ఉంటుంది. అందుకే దాని వెంటనే సాహెల్ (సహారా ఎడారికి దిగువన ఉన్న ఆఫ్రికా పట్టీ) పేజీ రాయమంటాను. దీనికి రెండు పేజీలైనా కావాలి, డబ్బు గడితోనే మొదలుపెట్టాలి. ఆఫ్రికాలో 14 దేశాలు సీఎఫ్‌ఏ ఫ్రాంక్ వాడుతున్నాయి. 1945 డిసెంబర్ 26న ఫ్రాన్స్ సృష్టించిన కరెన్సీ ఇది. ఇవాళ దాని విలువ యూరోకి 655.957, కదలదు. ధరలు అదుపులో ఉంటాయి, బయటి పెట్టుబడిదారుడికి భరోసా ఉంటుంది, నిజమే. కానీ 1994 జనవరిలో ఏం జరిగిందో చూడండి. అప్పటిదాకా 50 సీఎఫ్‌ఏ ఇస్తే ఒక ఫ్రెంచి ఫ్రాంక్ వచ్చేది. ఒక్కసారిగా 100 ఇస్తే గానీ రాని పరిస్థితి. బయటినుంచి వచ్చే మందులు, బియ్యం ధరలు ఒక్క ఉదుటున పెరిగాయి. పశ్చిమాఫ్రికా దేశాలైతే 2019 చివర్లో ప్రకటించిన సంస్కరణ అమలయ్యేదాకా తమ విదేశీ నిల్వల్లో సగం ఫ్రాన్స్ ఖజానాలోనే ఉంచాల్సి వచ్చింది. ఫ్రాన్స్ మీద సాహెల్ కుర్రకారు కోపానికి ఒక్క సైన్యమే కారణమనుకునేవాళ్లు ఈ గడి నింపలేదని అర్థం.

ఇప్పుడు సైన్యం గడి. 2013 జనవరిలో మాలిలో జిహాదీలను ఆపడానికి సెర్వాల్ ఆపరేషన్. ఫిబ్రవరిలో అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు హొలాండ్ మాలిలోని టింబక్టు వెళితే జనం చప్పట్లు కొట్టి స్వాగతం పలికారు. 2014లో అదే బర్ఖాన్‌గా మారి ఐదు దేశాలకు పాకింది, ఒక దశలో 5,000 మందికి పైగా సైనికులు. ఇన్నేళ్లు గడిచినా హింస తగ్గలేదు. సైనిక తిరుగుబాట్లు వచ్చాయి, కొత్త పాలకులు రష్యా వైపు చూశారు. 2022 ఆగస్టులో మాలి నుంచి, 2023 ఫిబ్రవరిలో బుర్కినా ఫాసో నుంచి, అదే ఏడాది డిసెంబరులో నైజర్ నుంచి ఫ్రాన్స్ సైన్యం వెళ్లిపోయింది. 2025లో చాద్, ఐవరీ కోస్ట్, సెనెగల్ స్థావరాలు కూడా అప్పగించేశారు. ఆఫ్రికాలో చెప్పుకోదగ్గ స్థావరం ఇక జిబూతీయే. అక్కడ దాదాపు 1,500 మంది ఉంటారు. అమెరికా, చైనా, జపాన్ స్థావరాలూ ఆ చిన్న దేశంలోనే ఉన్నాయి కాబట్టి దానికి వేరే పేజీ పెట్టుకోండి.

చాలామంది నోట్స్ ఈ “వెళ్లిపోయింది” దగ్గరే ఆగిపోతుంది. మీరు ఆగకండి. పేజీ అడుగున ఒక అడ్డగీత కొట్టి, సైన్యం పోయాక ఏం మిగిలిందో రాయండి. మాలి, బుర్కినా ఫాసో, నైజర్ 2025 మార్చిలో ఫ్రెంచి భాషా దేశాల కూటమి ఫ్రాంకఫోనీ నుంచి తప్పుకుంటున్నామని ప్రకటించాయి. ఆ కూటమి 1970లో పుట్టింది నైజర్ రాజధాని నియామేలోనే. 2025 జూన్‌లో నైజర్ ఫ్రాన్స్ కంపెనీ ఒరానోకి వాటా ఉన్న సొమైర్ యురేనియం గనిని జాతీయం చేస్తున్నట్టు చెప్పింది. సైన్యం పోయింది, భాషా కూటమి పోయింది, గని చేజారింది. సీఎఫ్‌ఏ ఫ్రాంక్ మాత్రం ఆ మూడు దేశాల్లోనూ అలాగే చలామణి అవుతోంది. జెండా దించడం ఒక్కరోజు పని, కరెన్సీ మార్చడం అలాంటిది కాదు. నన్నడిగితే ఫ్రాన్స్–ఆఫ్రికా ప్రశ్నకి గట్టి జవాబు ఈ అడ్డగీత కిందే ఉంటుంది.

మూడో పని చిన్నదే గానీ చాలా టెన్షన్ తగ్గిస్తుంది. పెన్నుతో పాటు పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. అవగాహన ఒప్పందాలు, సూత్రప్రాయ అంగీకారాలు, “2030 నాటికి” లాంటి లక్ష్యాలు పెన్సిల్‌తోనే రాయాలి. సంతకమైన కాంట్రాక్టు, కట్టిన డబ్బు, చేరిన సరుకు అయితేనే పెన్ను. 2010లో సర్కోజీ మన దేశానికి వచ్చినప్పుడు మహారాష్ట్రలోని జైతాపూర్‌లో అణు రియాక్టర్లకు ఒప్పందం కుదిరింది. ఇన్నేళ్లయినా అక్కడ రియాక్టర్ లేవలేదు, కాబట్టి పెన్సిల్. 36 రఫేల్ విమానాలకు 2016లో సంతకాలయ్యాయి, విమానాలూ వచ్చేశాయి: పెన్ను. నౌకాదళానికి 26 రఫేల్ మెరైన్ విమానాల ఒప్పందం 2025 ఏప్రిల్‌లో కుదిరింది: సంతకం పెన్నుతో, డెలివరీ తేదీలు పెన్సిల్‌తో. రఫేల్ ఫ్యూజలాజ్‌లను (విమానం మొండెం భాగాలను) హైదరాబాద్‌లో తయారుచేయడానికి రఫేల్ తయారీ కంపెనీ డసో, టాటా కుదుర్చుకున్న ఒప్పందానికీ అదే లెక్క.

పెన్నుతో రాసినవాటిలోనూ కొన్ని కొట్టేయాల్సి వస్తుంది. 2016లో ఆస్ట్రేలియా 12 జలాంతర్గాములకు ఫ్రాన్స్‌ను ఎంచుకుంది, 2021 సెప్టెంబరులో అమెరికా, బ్రిటన్‌లతో కలిసి ఆకస్ కూటమి కట్టి ఆ ఒప్పందం రద్దు చేసింది. పారిస్ తన రాయబారులను కాన్‌బెర్రా నుంచే కాదు, వాషింగ్టన్ నుంచి కూడా వెనక్కి పిలిపించింది. అలాంటివి చెరిపేయకుండా అడ్డంగా ఒక గీత గీసి, పక్కన తేదీ వేయండి.

ఇండియా పేజీ ఇప్పుడు రాయండి, చివర్లో. ఈపాటికి అది దానంతటదే తేలికైపోతుంది. 1998 జనవరిలో వ్యూహాత్మక భాగస్వామ్యం, మేలో పోఖ్రాన్ పరీక్షలు, ఫ్రాన్స్ మన మీద ఆంక్షలు పెట్టకపోవడం, ఈ మూడూ ఒక వరసలో పడాలి. ఆయుధ వ్యాపారాన్ని లెక్కగట్టే స్టాక్‌హోమ్ సంస్థ సిప్రీ ప్రకారం 2020–24లో ఆయుధ ఎగుమతుల్లో ఫ్రాన్స్‌ది ప్రపంచంలో రెండో స్థానం. అందులో 28 శాతం వచ్చింది మనకే. ఆ అంకె డబ్బు గడిలో రాసి, దాని ఎదురుగా దౌత్యం గడిలో “భద్రతా మండలిలో ఇండియా శాశ్వత సభ్యత్వానికి మద్దతు” అని రాయండి. సంస్కృతి గడిలో మాత్రం వెతుక్కోవాలి. అలియాన్స్ ఫ్రాన్సేజ్ సంస్థ ఫ్రెంచి భాషా తరగతులు, విద్యార్థుల వీసాలు దాటితే పెద్దగా ఏమీ కనపడదు. ఖాళీగా ఉంటే ఖాళీగానే వదిలేయండి, నింపాలని పారిస్ ఫ్యాషన్ గురించి రాయకండి.

న్యూ కలెడోనియా పేజీకి ఎదురు పేజీ కూడా ఖాళీగా వదిలిపెట్టండి. 2018, 2020, 2021లో మూడు రెఫరెండాలు, మూడుసార్లూ స్వాతంత్ర్యం వద్దనే వచ్చింది. మూడోదాన్ని అక్కడి మూలవాసులైన కనక్ వర్గాలు బహిష్కరించాయి. 2024 మేలో అల్లర్లు, 2025 జూలైలో ఆ దీవుల భవిష్యత్తు మీద బూజివాల్ ఒప్పందం, ఆగస్టులో స్వాతంత్ర్యవాద కూటమి దాన్ని తిరస్కరించడం. అక్కడ నికెల్ ఉంది, సైన్యం ఉంది, పసిఫిక్‌లో ఫ్రాన్స్ మాట చెల్లుబాటు కావడానికి కావాల్సిన జెండా ఉంది. పరీక్షకి రెండు వారాల ముందు మొదట తిరగేయాల్సిన పేజీ అదే, పెన్సిల్ చెక్కి పెట్టుకోండి.