ఇంట్లో జబ్బు మనిషి ఉన్నప్పుడు విశ్వాసాన్ని ఆనుకోవడం ఎలా

మా అమ్మకు రెండు కిడ్నీలూ పనిచేయడం లేదని తేలిన నాటి నుంచి, దేవరకొండ వైపు ఉన్న మా ఊరి నుంచి వారానికి మూడుసార్లు ఆమెను నల్లగొండకు డయాలసిస్‌కు తీసుకుపోవడం మా ఇంటి పని అయింది. మిషను మీద నాలుగు గంటలు పడుకుని వచ్చాక ఆమెకు కూర్చునే ఓపిక కూడా ఉండదు. ఎన్నో ఏళ్లు తెల్లవారుజామున లేచి మోకరించిన ఆ మనిషి ఒకనాడు గోడ వైపు తిరిగి పడుకుని, "నాకు ప్రార్థన వస్తలేదు బిడ్డా" అన్నది. ఆ మాటకు నేను చాలా భయపడ్డాను. తరువాత మాకు మెల్లగా తెలిసివచ్చిన సంగతులను, ఇదే కష్టంలో ఉన్న విశ్వాసుల కుటుంబాలకు ఉపయోగపడతాయని రాస్తున్నాను.

మార్కు సువార్త రెండవ అధ్యాయంలో పక్షవాయువు గల ఒకనిని నలుగురు మోసుకుని వచ్చి, జనం అడ్డంగా ఉంటే ఇంటి కప్పు విప్పి, మంచంతో సహా యేసు ముందుకు దింపుతారు. ఆయన "వారి విశ్వాసము చూచి" మాట్లాడాడని అక్కడ ఉంది. పడుకున్న మనిషి ఒక్క మాట అన్నట్టు కూడా రాయలేదు. కాబట్టి రోగిని "గట్టిగా నమ్ము, నమ్మితేనే బాగవుతుంది" అని తొందరపెట్టవద్దు. అతని బదులు నమ్మి, మంచం మోసే వాళ్లను ముందుగా కూడగట్టుకోవాలి.

సంఘానికి "మా కోసం ప్రార్థన చేయండి" అని మాత్రమే చెప్పి ఊరుకుంటే అందరూ చేస్తామంటారు, ఎవరు ఏం చేయాలో ఎవరికీ తెలియదు. మేము పాస్టరయ్యగారి దగ్గర కూర్చుని, మంగళవారం ఆసుపత్రికి తోడు ఎవరు వస్తారు, గురువారం పొద్దున పశువులను ఎవరు చూస్తారు అని పేర్లతో సహా అడిగాము. పరామర్శకు వచ్చేవారికి ఏం తేకూడదో కూడా ముందే చెప్పాలి. ప్రేమతో తెచ్చే అరటిపండ్లలో, కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువగా ఉంటుంది, అది కిడ్నీ రోగి గుండెకే ప్రమాదం. ఈ సంగతి విన్నాక స్త్రీల సమాజంలోని ఒక పెద్దమ్మ, డాక్టరు ఏం తినవచ్చన్నాడో అడిగి తెలుసుకుని, ఉప్పు తగ్గించి వండిన సొరకాయ కూర స్టీలు డబ్బాలో తెచ్చి ఇచ్చింది. ఆ రోజు ఆమె వేరే ప్రార్థన చేయకపోయినా నాకు లోటు అనిపించలేదు. చేతులుంచి ప్రార్థించేవారికి మరొక మాట చెప్పాలి. డయాలసిస్ కోసం ఫిస్టులా చేసిన, అంటే ఆపరేషన్‌తో రక్తనాళాలను కలిపిన చేతిని ఎవరూ పట్టి నొక్కకూడదు. అమ్మ ఎడమచేతి మీద వేలు ఆనిస్తే చర్మం కింద రక్తం జుమ్మని పారడం తెలుస్తుంది, అది ఆగితే మళ్లీ ఆపరేషన్ దాకా పోవచ్చు. తల మీద చేయి ఉంచితే చాలు.

మంచం దగ్గర చేసే ప్రార్థన చిన్నదిగా ఉండాలి. ఒక కీర్తన నెమ్మదిగా చదివి, పరలోక ప్రార్థన చెప్పి ఆపాలి. ఎప్పుడూ స్తుతి కీర్తనలే ఎంచుకోనక్కరలేదు. నన్ను ఎన్నాళ్లు మరచిపోతావని దేవుణ్ణి అడిగే 13వ కీర్తన, చీకటిలోనే ముగిసే 88వ కీర్తన కూడా బైబిలులోనివే. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు గనుక, ఏడ్చేవారిని అవిశ్వాసులని అనవద్దు. మా తమ్ముడు పనికి ముంబై పోయాడు. రాత్రి తొమ్మిదింటికి ఫోను స్పీకరులో పెడితే అక్కడి నుంచే అతను వాక్యం చదువుతాడు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పిల్లలు వలసపోయిన ఇళ్లకు ఇది బాగా అనుకూలిస్తుంది.

ఎవరి పాపం వల్ల ఈ రోగం వచ్చిందని అడిగేవారు తప్పక వస్తారు. పుట్టు గుడ్డివాని గురించి శిష్యులు ఇదే అడిగితే, వాడైనా వాని కన్నవారైనా పాపం చేయలేదని యేసు చెప్పాడు (యోహాను 9). మన మర్రిగూడ, మునుగోడు వైపు ఎందరికో ఎముకలు వంగిపోయింది బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లను ఏళ్ల తరబడి తాగించి, ఆ బాధను తాగినవాళ్ల పాపం ఖాతాలో రాయడం అన్యాయం.

మందులు మానితేనే విశ్వాసమని ఒక బోధకుడు మా ఇంట్లోనే అన్నాడు. మేము ఒప్పుకోలేదు. జబ్బుపడిన హిజ్కియా రాజు బాగవుతాడని దేవుని మాట చెప్పిన యెషయా ప్రవక్తే పుండు మీద అంజూరపు ముద్ద కట్టమన్నాడు. పౌలుతో తిరిగిన లూకా వైద్యుడు. పెద్దలు నూనె రాసి ప్రార్థించాలన్న యాకోబు పత్రికలో డాక్టరు వద్దన్న మాట లేదు. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవారు ఉపవాసం ఉండకూడదు, వారి బదులు ఇంట్లోని ఆరోగ్యవంతులు ఉపవాసం ఉండాలి. స్వస్థత కోసం అప్పు చేసి కానుక వేయవద్దు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది, రేషన్ కార్డుతో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ముందు అది అడగాలి.

అన్నీ చేసినా రోగం పోకపోవచ్చు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు, కృప చాలునన్న మాట మాత్రం దొరికింది. మా అమ్మ కిడ్నీలు కూడా బాగుపడలేదు. ఆమె ఇంకా నల్లగొండకు పోతూనే ఉంది.

ఇలా ఏళ్లు గడిచే ఇంట్లో ముందుగా అలసిపోయేది సేవ చేసే మనిషి, మా ఇంట్లో అయితే మా వదిన. అందుకే ఆదివారం ఆమెను ఆరాధనకు పంపి, ఆ మూడు గంటలు మగవాళ్లు మంచం దగ్గర కూర్చోవాలి. ఏ మాత్ర ఎప్పుడు వేయాలో, రోజుకు నీళ్లు ఎన్ని గ్లాసులు దాటకూడదో శనివారం రాత్రే ఆమెను అడిగి ఒక కాగితం మీద రాసుకోవాలి.