విదేశాల్లో పోస్ట్‌డాక్‌కు దరఖాస్తు చేసేముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

వేసవి మొదలయ్యేసరికి విదేశీ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాత చేసే పరిశోధన) ఫెలోషిప్‌ల ప్రకటనలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఐరోపా సమాఖ్య ఇచ్చే మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ ఫెలోషిప్‌కు సాధారణంగా ఏప్రిల్, మే నెలల్లో ప్రకటన వెలువడి సెప్టెంబరులో గడువు ముగుస్తుంది. అమెరికాలో పరిశోధనకు ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్ గడువు సాధారణంగా జూలైలో ఉంటుంది. జర్మనీలోని హంబోల్ట్ ఫౌండేషన్ మాత్రం ఏడాది పొడవునా దరఖాస్తులు తీసుకుంటుంది. ఈ నెలల్లో మంచి ప్రచురణలున్న స్కాలర్లు కూడా అర్హతను ఏ తేదీ నుంచి లెక్కిస్తారో, జీతం ఎవరు ఇస్తారో, వెళ్లేది ఏ వీసా మీదనో ముందుగా చూసుకోక అవకాశాలు పోగొట్టుకుంటున్నారు. అందుకే దరఖాస్తు రాయడానికి కూర్చోకముందే సరిచూసుకోవలసినవి ఇక్కడ చెబుతున్నాను.

మొదట తేదీల సంగతి. పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌లలో చాలావాటికి వయసుతో పనిలేదు, పీహెచ్‌డీ వచ్చి ఎన్నేళ్లయిందన్నదే లెక్క. జీవశాస్త్రాల వారు ఎదురుచూసే ఎంబో (ఐరోపా అణుజీవశాస్త్ర సంస్థ) ఫెలోషిప్‌కు దరఖాస్తు నాటికి పీహెచ్‌డీ వచ్చి రెండేళ్లు దాటకూడదు, పైగా మొదటి రచయితగా కనీసం ఒక పరిశోధన పత్రం అచ్చయిగానీ, అచ్చుకు ఆమోదం పొందిగానీ, నిపుణుల సమీక్ష పూర్తయిన ప్రిప్రింటుగా (అచ్చుకు ముందు ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతిగా) గానీ ఉండాలి. 2016లో భారతదేశం అనుబంధ సభ్యత్వం తీసుకోవడంతో మన పరిశోధకులకు అందులో అవకాశాలు పెరిగాయి. హంబోల్ట్ పోస్ట్‌డాక్ విభాగానికీ, ఫుల్‌బ్రైట్-నెహ్రూకూ నాలుగేళ్లు పరిమితి కాగా, జపాన్‌లోని విజ్ఞానశాస్త్ర ప్రోత్సాహక సంస్థ జేఎస్‌పీఎస్ ఇచ్చే ఫెలోషిప్‌కు ఆరేళ్లు. క్యూరీ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ తరువాతి పరిశోధన అనుభవం ఎనిమిదేళ్లు మించకూడదు, అయితే ప్రసవం వల్లనో కుటుంబ బాధ్యతల వల్లనో పరిశోధనకు దూరమైన కాలాన్ని అందులో కలపరు. పిల్లల కోసం రెండు మూడేళ్లు ఆగిపోయిన మహిళలు ఈ ఒక్క నిబంధన తెలియక తమకు అర్హత లేదనుకుని వదిలేయడం నన్ను చాలా బాధిస్తుంది. ఏ ఫెలోషిప్ అర్హత ముందుగా చెల్లిపోతుందో దానికే ముందు దరఖాస్తు చేయాలి. పేరున్న దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే చిన్న గడువులున్నవన్నీ ఈలోగా దాటిపోతాయి.

క్యూరీ ఫెలోషిప్‌లో ఇంకొక చిక్కు ఉంది. గడువు తేదీకి ముందున్న 36 నెలల్లో, వెళ్లదలచిన దేశంలో 12 నెలలకు మించి నివసించిగానీ, పనిచేసిగానీ ఉండకూడదు. పీహెచ్‌డీ చివరి రోజుల్లో జర్మనీలోని ఒక ప్రయోగశాలలో పద్నాలుగు నెలలు గడిపి వచ్చినవారు వెంటనే అదే ప్రయోగశాలకు ఈ ఫెలోషిప్ మీద వెళ్లలేరు, నెదర్లాండ్స్‌కో ఇటలీకో వెళ్లవచ్చు. పాస్‌పోర్టులోని ముద్రలు ముందు పెట్టుకుని నెలలు లెక్కవేసుకున్న తరువాతే దేశాన్ని ఎంచుకోవాలి.

పీహెచ్‌డీ ఎప్పుడు వచ్చినట్టు అన్న ప్రశ్న మన విశ్వవిద్యాలయాల్లో అంత తేలికగా తేలదు. థీసిస్ సమర్పించిన తేదీ, వైవా (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్ష) తేదీ, అవార్డు నోటిఫికేషన్ తేదీ, ప్రొవిజనల్ సర్టిఫికెట్ తేదీ, స్నాతకోత్సవంలో ఇచ్చే అసలు పట్టా తేదీ ఒకదానికొకటి నెలల తరబడి, కొన్నిచోట్ల ఏళ్ల తరబడి ఎడంగా ఉంటాయి. గడువులోగా వైవా విజయవంతంగా ముగిస్తే, పట్టా చేతికి రాకపోయినా క్యూరీ ఫెలోషిప్‌కు అర్హత ఉంటుంది. కాబట్టి వైవా అయిన వారంలోనే పరీక్షల విభాగం నుంచి తేదీతో, సంతకంతో, ముద్రతో ఒక లేఖ తీసుకుని దగ్గర ఉంచుకోవాలి. మీరు దరఖాస్తు చేసే సంస్థ ఏ తేదీని లెక్కలోకి తీసుకుంటుందో వారి మార్గదర్శిలో చదివి, స్పష్టంగా లేకపోతే ఈమెయిల్ రాసి, వచ్చిన జవాబును భద్రపరచుకోవాలి.

పేరు విషయంలో తెలుగువారు మరింత జాగ్రత్త పడాలి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, డిగ్రీ సర్టిఫికెట్‌లో చివరన, పాస్‌పోర్టులో పూర్తిగా విడమరిచి, పరిశోధన పత్రాల్లో ఇంకో రకంగా ఉండటం మన దగ్గర మామూలే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, పేరు ఉండవలసిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ (పేరు తెలియదు అని అర్థం) అన్న అక్షరాలు పడతాయి. ఆ తరువాత అక్కడి బ్యాంకు, జీతాల విభాగం, డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయం దగ్గర సంజాయిషీలు చెప్పుకుంటూ తిరగాలి. పాస్‌పోర్టు సవరణకు సమయం పడుతుంది గనుక ఆ పని ఇప్పుడే మొదలుపెట్టాలి, పత్రాల్లోని పేర్లన్నిటినీ పరిశోధకులకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు అయిన ఒకే ఓర్కిడ్ సంఖ్య కిందకి తెచ్చుకోవాలి.

ఇక హోస్ట్ ప్రొఫెసర్‌ను, అంటే అక్కడ మిమ్మల్ని తన ప్రయోగశాలలో చేర్చుకునేవారిని, వెతకడం. పోస్ట్‌డాక్‌లో ప్రవేశ పరీక్ష ఉండదు, ఒక మనిషి మిమ్మల్ని తన బృందంలోకి కావాలనుకోవాలి. యూరాక్సెస్, జాబ్స్.ఏసీ.యూకే వంటి వెబ్‌సైట్లలో ప్రకటనలు చూస్తూనే, మీ అంశంలో గత మూడేళ్లలో మీకు నచ్చిన పత్రాలు ఎవరు రాశారో చూసి వారికి నేరుగా రాయండి. ఒకే ఉత్తరాన్ని వందమందికి పంపడం వల్ల మీ పేరే చెడుతుంది, ఒకే విభాగంలో పక్కపక్క గదుల్లో ఉన్న ఇద్దరికి అది చేరితే ఇద్దరూ పక్కన పెడతారు. వారి ఏ పత్రం చదివారో, అందులో ఏ ప్రశ్న మిగిలిపోయిందని మీకు తోచిందో, దానికి మీ చేతిలో ఉన్న పద్ధతి ఎలా ఉపయోగపడుతుందో పది పన్నెండు వాక్యాల్లో చెప్పి, రెండు పేజీల సీవీ జతచేయాలి. రెండు వారాల తరువాత ఒక్కసారి గుర్తుచేయవచ్చు, అంతకు మించి వెంటపడకూడదు. ఇంకా అచ్చుకాని ఫలితాలను, పూర్తి డేటాను మొదటి ఉత్తరంలోనే పంపకూడదు, మీ గైడ్ అనుమతి లేకుండా అసలే పంపకూడదు.

అందరూ తక్కువగా పట్టించుకునేవి, అందరికన్నా ఎక్కువ నష్టం చేసేవి రెకమెండేషన్ లెటర్లు. మన దగ్గర ‘నువ్వే రాసుకురా, సంతకం పెడతాను’ అనే గైడ్లు ఇప్పటికీ ఉన్నారు. అలా వచ్చిన మూడు లేఖలు ఒకే చేతితో రాసినట్టు ఒకే పొగడ్తలతో ఉంటే, చదివేవారికి ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. అవతలి సంస్థ లేఖను మీ ద్వారా కాకుండా నేరుగా రాసినవారి దగ్గరనుంచే తెప్పించుకుంటుంది, అందుకోసం పంపే లింకు చాలాసార్లు స్పామ్‌లో పడిపోతుంది. మీ గైడ్‌కు విశ్వవిద్యాలయం ఇచ్చిన ఈమెయిల్ చిరునామా పనిచేస్తోందో లేదో ముందుగా కనుక్కోండి, సొంత జీమెయిల్ నుంచి వచ్చిన లేఖను అనుమానించే సంస్థలున్నాయి. గడువుకు నెల రోజుల ముందే కలిసి, మీరు చేసిన పనుల వివరాలు, వెళ్లబోయే అంశం ఒక కాగితం మీద రాసి ఇచ్చి, ఏ ప్రయోగంలో మీ పాత్ర ఏమిటో గుర్తుచేసి, మాటలు మాత్రం వారివే ఉండేలా వినయంగా కోరండి. పదవీ విరమణకు దగ్గరపడిన గైడ్ అయితే మరొకరిని కూడా సిద్ధంగా ఉంచుకోవాలి.

మోసాల గురించి ఖచ్చితంగా చెప్పవలసిన మాట ఒకటుంది. పైన చెప్పిన ఫెలోషిప్‌లలో ఏ ఒక్కదానికీ దరఖాస్తు రుసుము లేదు. ‘సీటు ఖాయం, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి’ అని యూపీఐ సంఖ్య పంపే కన్సల్టెన్సీని గానీ, ప్రొఫెసర్ పేరుతో మామూలు ఈమెయిల్ ఖాతా నుంచి ఆఫర్ లెటర్ పంపేవారిని గానీ నమ్మకూడదు. ఆ లెటర్‌లో ఉన్న ఫోన్ సంఖ్యకు కాకుండా, విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో మీరే వెతికి పట్టుకున్న సిబ్బంది విభాగానికి రాసి నిర్ధారించుకోవాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేయాలి. డబ్బులిచ్చి పరిశోధన పత్రంలో పేరు కొనుక్కోవడం దీనికన్నా పెద్ద ప్రమాదం, ఆ పత్రాన్ని పత్రిక ఉపసంహరించుకున్న రోజున ఎక్కడ పనిచేస్తున్నా ఆ మచ్చ వెంట వస్తుంది.

జీతం విషయం అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. మొహమాటపడవలసిన పని లేదు. జర్మనీలో ఒకే మొత్తం రెండు రకాలుగా వస్తుంది. టీవీ-ఎల్ 13 (అక్కడి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల జీతశ్రేణి) కింద ఉద్యోగ ఒప్పందం ఉంటే పన్నుతో పాటు ఆరోగ్య బీమా, పింఛను, నిరుద్యోగ బీమా వాటాలు కోసి చేతికిస్తారు, స్టైపెండ్ అయితే కోతలు లేకపోయినా ఆ రక్షణలూ ఉండవు, ఆరోగ్య బీమా మీరే చూసుకోవాలి. ఒప్పందంలో పూర్తి సమయపు (100 శాతం) ఉద్యోగమా, 65 శాతమా అన్నది చదవకుండా సంతకం చేయవద్దు. అమెరికాలో ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ నిర్ణయించిన మొత్తాన్ని చాలా ప్రయోగశాలలు కొలతగా పెట్టుకుంటాయి. 2024 ఆర్థిక సంవత్సరంలో కొత్తగా చేరే పోస్ట్‌డాక్‌కు అది 61,008 డాలర్లు. అయితే ఎన్‌ఐహెచ్ వారి ఎఫ్32 ఫెలోషిప్‌కు అమెరికా పౌరులు, శాశ్వత నివాసులే అర్హులు గనుక దానిమీద ఆశ పెట్టుకోకూడదు. వారి కే99 గ్రాంటు మాత్రం విదేశీయులకూ అందుబాటులో ఉంది. నిధులు ఎన్నేళ్లకు ఉన్నాయో, పొడిగింపు దేనిమీద ఆధారపడుతుందో ప్రొఫెసర్‌ను అడిగి, అక్కడ ఇదివరకు పనిచేసి వెళ్లిన ఇద్దరితో మాట్లాడిన తరువాతే ఒప్పుకోవాలి.

అమెరికా వెళ్లేవారికి చాలామటుకు జె-1 అనే సందర్శక స్కాలర్ల వీసా ఇస్తారు. అందులో రిసెర్చ్ స్కాలర్ తరగతి గరిష్ఠంగా ఐదేళ్లు. ఆ ప్రోగ్రాం ముగించుకుని తిరిగివస్తే, ఆరు నెలలే వాడుకున్నా సరే, మళ్లీ అదే తరగతిలో వెళ్లడానికి 24 నెలలు ఆగాలి. అందువల్ల మూడు నాలుగు నెలల సందర్శనకు పిలిచినప్పుడు షార్ట్-టర్మ్ స్కాలర్ తరగతి కింద డీఎస్-2019 పత్రం (జె-1 వీసాకు ఆధారమయ్యే పత్రం) ఇమ్మని అడగాలి. అది ఆరు నెలలకు మించదు గానీ ఈ 24 నెలల ఆంక్ష దానికి లేదు. జె-1 మీద వెళ్లినవారు తిరిగివచ్చి రెండేళ్లు స్వదేశంలో ఉంటే తప్ప హెచ్-1బి (అమెరికా ఉద్యోగ వీసా) గానీ, గ్రీన్‌కార్డు గానీ ఇవ్వని మరో నిబంధన ఉంది. ఈ నిబంధన ఏ దేశాలవారికి వర్తిస్తుందో చెప్పే అమెరికా నైపుణ్యాల జాబితా నుంచి భారతదేశాన్ని 2024 డిసెంబరులో తొలగించడంతో ఆ కారణంగా అది మనవారికి ఇక వర్తించదు, కానీ ఫుల్‌బ్రైట్ వంటి ప్రభుత్వ నిధులతో వెళ్లినవారికి ఇప్పటికీ వర్తిస్తుంది. ఫుల్‌బ్రైట్ గొప్ప గౌరవమే, దాన్ని తీసుకునేముందు ఇంట్లోవారితో కలిసి ఈ రెండేళ్ల మాట ఆలోచించుకోవాలి. జీవిత భాగస్వామి జె-2 (జె-1 వారి కుటుంబ సభ్యుల వీసా) మీద వస్తే, పని అనుమతి పత్రం వచ్చాకే అక్కడ ఉద్యోగం చేయవచ్చు.

బ్రిటన్‌లో కొన్ని విజ్ఞానశాస్త్ర, ఇంజనీరింగ్ అంశాల పరిశోధనకు వీసా కంటే ముందు ఏటీఏఎస్ అనే అనుమతి భారతీయులు తీసుకోవాలి. దానికి రుసుము లేదు గానీ వారాలు పడుతుంది. జపాన్ జేఎస్‌పీఎస్ దరఖాస్తును అక్కడి ప్రొఫెసర్ తన సంస్థ ద్వారా పంపుతారు, ఆ సంస్థ పెట్టుకునే లోపలి గడువు ప్రకటించిన గడువు కంటే ముందే ముగుస్తుంది.

రాష్ట్ర ప్రభుత్వాల విదేశీ విద్యా పథకాలు కోర్సులు చదివే విద్యార్థుల కోసం ఉద్దేశించినవి, వాటిని పోస్ట్‌డాక్‌కు ఆధారంగా లెక్కించుకోవద్దు. గిరిజన పరిశోధకులకు మాత్రం కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో పోస్ట్‌డాక్ కూడా ఉంది, ఈ సంగతి మన ఏజెన్సీ ప్రాంతాల స్కాలర్లకు ఇంకా చేరవలసినంతగా చేరలేదు.

కళాశాలలో ఉద్యోగం చేస్తున్నవారు ఆఫర్ రాగానే రాజీనామా ఇవ్వకూడదు. ముందు నిరభ్యంతర పత్రానికీ, సెలవుకూ దరఖాస్తు పెట్టి, వీసా పాస్‌పోర్టు మీద పడ్డాకే మిగతా నిర్ణయాలు తీసుకోవాలి. జీవశాస్త్రాల వారు తమ ప్రయోగశాలలోని విత్తనాలనో, సూక్ష్మజీవుల కల్చర్లనో సామానులో సర్దుకుని వెళ్లరాదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం వాటిని విదేశీ సంస్థకు అప్పగించడానికి చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి ఉండాలి. ఆ అనుమతికి సమయం పడుతుంది గనుక, ప్రొఫెసర్‌తో ప్రాజెక్టు ఖరారు చేసుకునే దశలోనే ఏ నమూనాలు అవసరమవుతాయో తేల్చుకుని దరఖాస్తు పెట్టించాలి.