వసంతంలో స్కీయింగ్: రాత్రి ఆకాశం చూసి, పొద్దున బూటు దించి చూసి

వసంతంలో ఎత్తైన కొండల మీద స్కీయింగ్‌కి వెళ్లేటప్పుడు, మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఎంతో అంచనా వేసే నా పని ముందు రాత్రే మొదలవుతుంది. పడుకునే ముందోసారి, మధ్యలో మెలకువ వస్తే ఇంకోసారి టెంట్ జిప్ తీసి ఆకాశం చూస్తాను. చుక్కలు కనిపిస్తే సగం టెన్షన్ పోయినట్టే. మబ్బు లేని రాత్రి మంచు తన వేడినంతా పైకి వదిలేస్తుంది. గాలి ఉష్ణోగ్రత సున్నాకి కాస్త పైనే ఉన్నా పై పొర గడ్డకట్టొచ్చు. మబ్బు కమ్మితే మాత్రం మంచుకి దుప్పటి కప్పినట్టే. థర్మామీటర్ మైనస్ ఒకటి చూపించినా నమ్మను.

పొద్దున స్కీలు విప్పి, ఉత్త బూట్లతో మంచు మీద నిలబడతాను. బూటు అంచు కూడా దిగకపోతే సరే. పైన గుడ్డు పెంకులా పగిలి, కింద మెత్తటి తడిలోకి కాలు జారిపోతే రాత్రి గడ్డకట్టింది పేరుకే. ఆ పెంకు ఎండ తగిలిన కాసేపటికే కరిగిపోతుంది. ఆ రోజు పెద్ద వాలులు వద్దు.

ఇక పందెం ఎండతోనే. ఉత్తరార్ధగోళంలో ముందు తూర్పు వాలులు మెత్తబడతాయి, తర్వాత దక్షిణం, మధ్యాహ్నానికి పడమర. పైన రెండు మూడు సెంటీమీటర్లు మెత్తబడి, అడుగున గట్టిగా ఉన్నప్పుడు దిగితే ఆ హాయే వేరు. బూటు చీలమండ దాకా దిగుతోందంటే ఆ వాలుకి టైమ్ అయిపోయింది.

ఈ మాట నేను ఒకసారి పట్టించుకోలేదు. కొండ అంచు మీద ఫోటోలు తీసుకుంటూ ముప్పావు గంట కూర్చున్నాం. దిగబోతుంటే పక్కన నల్లరాళ్ల కింద నుంచి గోళీలంత మంచు ఉండలు దొర్లడం మొదలైంది. నిమిషాల్లో అవి బంతులంత అయ్యాయి. స్కీ కర్రని తిరగేసి గుచ్చితే పిడి సునాయాసంగా దిగిపోయింది. పిడికెడు మంచు పిండితే నీళ్లు కారాయి. వచ్చిన దారినే వెనక్కి తిరిగాం. కాసేపటికి మేం దిగాల్సిన వాలులోనే, ఓ రాయి దగ్గర బయల్దేరిన తడి మంచు విసనకర్రలా విచ్చుకుంటూ కిందికి పోయింది. పెద్ద వేగమేం లేదు. కానీ తడి సిమెంటు లాంటి ఆ బరువులో చిక్కితే ఈదలేం. ఆగాక బిగుసుకుపోతుంది కూడా.

వాలు ఎంత నిటారుగా ఉందో కంటికి సరిగా తెలియదు, కొలవాల్సిందే. మంచు చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల మధ్య. మీరు నిలబడ్డ చోటు చదునుగా ఉన్నా, తలపైన ఏముందో చూడండి. అంచు మీద చూరులా వేలాడే మంచు ఎండకి ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం. నున్నటి బండల మీది మంచులో నోరు తెరిచిన పెద్ద పగుళ్ల సంగతీ అంతే, ఆ మంచు రాత్రిపూట కూడా జారొచ్చు. వాటి కింద కూర్చుని తినడాలు వద్దు.

ఉత్తరం వైపు లెక్క వేరు. అక్కడ చలికాలపు బలహీన పొరలు ఇంకా ఉండొచ్చు. అడుగు వేయగానే 'వుంఫ్' అని కూలిన శబ్దం వచ్చినా, స్కీల ముందు పగులు పరిగెత్తినా వెనక్కే. వసంతంలో కొత్త మంచు పడి, దాని మీద మొదటిసారి ఎండ కాసే రోజు కూడా అంతే. పొద్దున గట్టిగా ఉందిలే అనే లెక్క ఆ రోజు పనికిరాదు.

ట్రాన్సీవర్ (మంచులో పూడినవాళ్లని సిగ్నల్‌తో వెతికే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార జట్టులో అందరి దగ్గరా ఉండాలి, ఒక్కడి సంచిలో కాదు. పూడిపోయినవాళ్లని పది నిమిషాల్లోపు తీస్తేనే బతికే అవకాశం బాగుంటుంది. సహాయ బృందం అంత త్వరగా రాదు. అందుకే అనుమానం ఉన్న వాలు మీద ఒక్కొక్కరే దిగుతాం, మిగతావాళ్లం పక్కన సురక్షితమైన చోట నిలబడి చూస్తుంటాం.

దిగే టైమ్ రాత్రే రాసి పెట్టుకుంటాను. పైకి వెళ్లాక, శిఖరం ఇంకో పావుగంట దూరంలో కనిపిస్తుంటే, నా బుర్రని నేను నమ్మను.