వేలంలో విమానం పాడేముందు 10 డాలర్ల పని

అమెరికాలో ఇన్సూరెన్స్ వాళ్ళు వేలానికి పెట్టే దెబ్బతిన్న సెస్నాల (చిన్న విమానాల) ఫొటోల్లో రెక్కకు పడ్డ సొట్ట కనిపిస్తుంది గానీ పాత రిపేర్ల కథ కనిపించదు. విమానం పక్కభాగం మీద ఉండే, ఎన్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు రాసుకుని, వేలానికి ముందే ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) దగ్గర దాని రికార్డుల సీడీకి ఆర్డర్ పెట్టండి, 10 డాలర్లే. ఓనర్ల వరస, పెద్ద రిపేర్లు నమోదు చేసే ‘ఫారం 337’ కాగితాలు అందులో ఉంటాయి. అదే నంబరు ప్రమాదాలపై దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ వాళ్ళ డేటాబేస్‌లో కూడా కొట్టి చూడండి. ప్రొపెల్లర్ వంగి ఉంటే దెబ్బ ఇంజన్ లోపలికీ తగిలి ఉండొచ్చు, కాబట్టి ఇంజన్ విప్పి చూపించే ఖర్చు ముందే లెక్కేసుకుని అంత తగ్గించి పాడండి, నేను మొదట్లో దీన్ని తేలిగ్గా తీసుకునేవాణ్ణి. కాకపోతే చిన్న రిపేర్లు ఈ సీడీలో దొరకవు, అవి విమానంతో పాటు ఉండే రిపేర్ల పుస్తకాల్లోనే (లాగ్‌బుక్కుల్లో) ఉంటాయి, లాగ్‌బుక్కులు లేవంటే ఈ చిట్కా సగమే పనిచేస్తుంది.