కంప్యూటర్ టెలిస్కోప్‌ను ఆకాశంతో సరిచూసుకోవడం ఎలా?

కంప్యూటర్ అమర్చిన మామూలు టెలిస్కోప్‌కు ఆకాశం కనపడదు. కొత్తగా కొన్నవారు ఈ ఒక్క సంగతి గ్రహిస్తే సగం చిక్కులు తీరిపోతాయి. మీరిచ్చిన తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలను బట్టి ఏ నక్షత్రం ఏ దిక్కున, ఎంత ఎత్తులో ఉండాలో అది లెక్కకట్టి, మోటార్లతో గొట్టాన్ని అటు తిప్పుతుంది, అంతే. ఇచ్చిన వివరం తప్పయితే, ఏ సంకోచమూ లేకుండా తప్పు చోటికే తిరుగుతుంది. పక్కలకూ, పైకీ కిందికీ తిరిగే ఆల్ట్-అజిమత్ స్టాండు మీది టెలిస్కోప్‌ను దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతి వివరిస్తున్నాను.

మొదటి పని పగలే చేసుకోవాలి. గొట్టానికి పక్కన ఉండే ఫైండర్ (గురి చూసుకునే చిన్న సాధనం), అసలు టెలిస్కోప్ ఒకే చోటును చూస్తున్నాయో లేదో దూరంగా ఉన్న స్తంభం కొసనో, గోపుర శిఖరాన్నో చూసి సరిచేసుకోవాలి. ఈ సమయంలో గొట్టం సూర్యుడి వైపు తిరగకుండా జాగ్రత్త వహించాలి. ముందు భాగానికి సౌర ఫిల్టర్ లేకుండా క్షణమాత్రం సూర్యుణ్ణి చూసినా చూపు శాశ్వతంగా పోవచ్చు.

చీకటి పడ్డాక ట్రైపాడ్‌ను గట్టి నేల మీద నిలిపి, స్పిరిట్ లెవెల్‌తో మట్టం చూసుకోవాలి. అద్దాలు బయటి గాలి చల్లదనానికి అలవాటు పడేందుకు అరగంటైనా పడుతుంది. కళ్ళు చీకటికి అలవాటు పడటానికీ దాదాపు అంతే సమయం కావాలి కనుక ఈ నిరీక్షణ వృథా కాదు. విద్యుత్తు విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. చిన్న బ్యాటరీలు మోటార్ల ధాటికి త్వరగా నీరసిస్తాయి, వోల్టేజి తగ్గిన కంప్యూటర్ వింతగా ప్రవర్తిస్తుంది. తయారీదారు సూచించిన 12 వోల్టుల సరఫరా ఉంటే మేలు.

ఇక హ్యాండ్ కంట్రోలర్‌లో, అంటే టెలిస్కోప్‌ను నడిపే బటన్ల పెట్టెలో, వివరాలు నింపాలి. చాలా కంట్రోలర్లు తేదీలో నెలను ముందు, రోజును తర్వాత అడుగుతాయి. ఒక ఆగస్టు 6న నేను అలవాటు కొద్దీ 06/08 అని కొట్టాను. యంత్రం దాన్ని జూన్ 8 అనుకుంది. నక్షత్రాలు రోజుకు సుమారు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి కాబట్టి, ఆ 59 రోజుల తేడాకు దాని లెక్కలోని ఆకాశం దాదాపు 58 డిగ్రీలు పక్కకు తిరిగిపోయింది. అది నన్ను తీసుకెళ్ళిన చోట నక్షత్రం లేదు, పొరుగింటి గోడ ఉంది. టైమ్ జోన్, డేలైట్ సేవింగ్ అమరికలు కూడా ఇలాంటివే: గంట తేడా వస్తే 15 డిగ్రీలు తప్పుతుంది.

తర్వాతిది అసలైన ఘట్టం, రెండు నక్షత్రాల అలైన్‌మెంట్: రెండు నక్షత్రాలను చూపించి యంత్రం లెక్కను అసలు ఆకాశంతో సరిపెట్టడం. రెండూ ప్రకాశవంతమైనవై, ఒకదానికొకటి బాగా ఎడంగా ఉండాలి. నేలకు మరీ దగ్గరగానో, సరిగ్గా నడినెత్తినో ఉన్నవాటిని వదిలేయాలి. సప్తర్షి మండలం తోక వంపును అలాగే పొడిగించుకుంటూ పోతే నారింజ ఛాయలో స్వాతి కనిపిస్తుంది. దానికి దాదాపు 60 డిగ్రీల దూరంలో నీలి తెలుపు అభిజిత్ ఉంటుంది. రెండూ పైన ఉన్న రాత్రుల్లో నాకు ఇంతకన్నా మంచి జంట కనపడలేదు. కంట్రోలర్‌లోని జాబితా ఆర్క్‌టరస్, వేగా అనే పేర్లతో చూపుతుంది.

నక్షత్రాన్ని ముందు ఫైండర్‌లోకి, తర్వాత 25 మిల్లీమీటర్ల ఐపీస్‌లోకి (కన్ను పెట్టి చూసే కటకంలోకి) తెచ్చి, చివరగా ఇంకా పెద్దదిగా చూపే 10 మిల్లీమీటర్ల ఐపీస్ మధ్యలో నిలపాలి. ఫోకస్‌ను కాస్త చెడగొడితే చుక్క పళ్ళెంలా విచ్చుకుంటుంది, అప్పుడు మధ్య ఎక్కడో కంటికి తేలిగ్గా తెలుస్తుంది. ఇక్కడ ఒక మెలకువ ఉంది. కుడి బాణం నొక్కి వెంటనే ఎడమ బాణం నొక్కి చూడండి: ఒకటి రెండు క్షణాలు నక్షత్రం కదలదు, ఆపై ఒక్కసారిగా బయలుదేరుతుంది. గేర్ల పళ్ళ మధ్య ఉన్న సందే దీనికి కారణం. ఆ సందు ప్రతిసారీ ఒకే వైపు మూసుకోవాలంటే చివరి కదలిక ఎప్పుడూ ఒకే దిశలో ఉండాలి. చాలా కంట్రోలర్లు పై బాణం, కుడి బాణం వాడమంటాయి. నక్షత్రం మధ్యను దాటిపోతే వెనక్కి బాగా తెచ్చి, మళ్ళీ అదే దిశలో రావాలి. అలైన్‌మెంట్ మొదలయ్యాక గొట్టాన్ని చేత్తో తిప్పకూడదు, ట్రైపాడ్ కాలికి తగలకూడదు.

కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఎం 13ను చూపమని కంట్రోలర్‌ను అడగండి. 1714లో ఎడ్మండ్ హాలీ గుర్తించిన ఈ గోళాకార నక్షత్ర గుచ్ఛం స్వాతికీ అభిజిత్‌కూ నడుమనే ఉంటుంది. ఐపీస్‌లో అది అద్దం మీద పడిన ఊపిరి ఆవిరిలా గుండ్రటి మసకగా కనిపిస్తుంది. నేరుగా కాక కాస్త పక్కకు చూస్తే అంచులు చుక్కలుగా విడివడటం మొదలవుతుంది. అది దృశ్యంలోకి వచ్చిందంటే మిగతా జాబితానూ నమ్మవచ్చు. నక్షత్రాలు సరిగా దొరుకుతూ చంద్రుడు మాత్రం తప్పిపోతుంటే, తేదీనో సమయాన్నో మరోసారి చూడండి: నక్షత్రాల మధ్య చంద్రుడు గంటకు అర డిగ్రీ, అంటే తన వెడల్పంత, జరుగుతుంటాడు.

ముగించేటప్పుడు, మర్నాడు కూడా స్టాండును అంగుళం కదపకుండా ఉంచగలిగితే, అలైన్‌మెంట్‌ను గుర్తుంచుకునే హైబర్నేట్ ఎంచుకోండి. లేకపోతే స్విచ్ ఆపేసి, మరుసటి రాత్రి తేదీ దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టడమే.